పాత కారు కార్బురేటర్ నుంచి పెట్రోలు కారుతుంటే: ఎక్కడ వెతకాలి, ఎలా ఆపాలి

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే పెట్రోలు వాసన గుప్పుమంటే ఆ పూట తాళం చెవి ముట్టుకోకండి. పాత కారన్నాక కాస్త వాసన మామూలేనని చాలామంది సరిపెట్టుకుంటారు. అది మామూలు కాదు. పద్మిని కానివ్వండి, అంబాసిడర్ కానివ్వండి, రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజను దగ్గర పెట్రోలు వాసన రాకూడదు. వస్తోందంటే ఎక్కడో తడి ఉంది, ఆ తడికి ఒక కారణం ఉంది.

తిరుపతిలో మా ఇంటి ముందు ఏపీ 03 నంబరు ప్లేటున్న పద్మిని ఒకటి ఉంది. మా నాన్నగారు కొన్న కారు. దాని కార్బురేటర్‌తో (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) ఎన్నో ఆదివారాలు గడిపాక నాకు అర్థమైన విషయం ఒక్కటే: తడి కనబడే చోటు వేరు, తప్పు ఉన్న చోటు వేరు. తడి కనబడిన చోటల్లా స్క్రూలు బిగించుకుంటూ పోతే తప్పు అలాగే ఉంటుంది, మరలు మాత్రం పాడవుతాయి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. ఈ కార్లు ఇక కొత్తగా రావు కాబట్టి ఉన్న కార్బురేటర్‌ను జాగ్రత్తగా చూసుకోవాలి. అందుకే ముందు చూడటం, తర్వాత వెతకడం, చిట్టచివర విప్పడం అనే వరుసలో చెబుతున్నాను. దయచేసి వరుస మార్చకండి.

మొదట నిప్పు సంగతి

పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల కింద కూడా అంటుకోగలిగినంత ఆవిరిని ఇస్తుంది. మన తిరుపతి ఎండలో ఎంత ఇస్తుందో మీరే ఊహించుకోండి. ఆ ఆవిరి గాలికంటే బరువైనది. పైకి పోదు, నేలమీద పాకుతుంది. అందుకే మూసిన షెడ్డులో ఈ పని చేయకండి. కారును నలుగురు కలిసి బయటికి నెట్టండి. స్టార్ట్ చేసి తీయవద్దు. నీడపట్టున, గాలి ఆడే చోట ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టండి.

తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయండి. స్పానర్ ఎక్కడైనా తగిలి చిన్న మెరుపు వచ్చినా చాలు. వెలుగు కోసం పాతకాలపు గాజు బల్బును వైరుతో వేలాడదీయవద్దు. ఎల్ఈడీ టార్చి వాడండి. డ్రై పౌడర్ ఉండే ఏబీసీ రకం అగ్నిమాపక సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట ఆరదు, నీళ్లతోపాటు నాలుగువైపులా పరుచుకుంటుంది. సిలిండర్ లేకపోతే బకెట్టు నిండా పొడి ఇసుక పెట్టుకోండి.

మన ప్రాంతంలో మరో జాగ్రత్త చెప్పక తప్పదు. బండి పని పూర్తయ్యాక నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి హారతి ఇచ్చి తీయడం మనకు అలవాటు. కాణిపాకం వెళ్లినా, ఆయుధ పూజ నాడైనా అదే చేస్తాం. భక్తికి ఏ అడ్డూ లేదు. కానీ కార్బురేటర్ విప్పి బిగించిన రోజు ఆ హారతిని కారు పక్కన ఇవ్వకండి. పెట్రోలు పడిన గుడ్డలు, చేతులకు అంటిన తడి, నేలమీది ఆవిరి పూర్తిగా పోయాక, మరుసటి రోజు చేసుకోండి. పెట్రోలు గుడ్డలను కూడా ముద్దగా చుట్టి మూలన పడేయకుండా బయట విడివిడిగా ఆరవేయండి.

పెట్రోలును నోటితో పీల్చి తీయడం మన షెడ్డుల్లో ఇంకా కనిపిస్తుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. చేతి పంపు వాడండి.

ఎప్పుడు కారుతోంది?

ఇది అన్నిటికంటే విలువైన ప్రశ్న. కారును రెండు రోజులు గమనించి దీనికి జవాబు రాసుకోండి. విప్పాల్సిన భాగం ఏదో సగం ఇక్కడే తేలిపోతుంది.

ఇంజను నడుస్తున్నంతసేపూ, ముఖ్యంగా ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడిచేటప్పుడు) కారుతూ, ఆపిన కాసేపటికి ఆగిపోతే అనుమానం నీడిల్ వాల్వు మీద, ఫ్లోట్ మీద పెట్టుకోండి. ఫ్లోట్ అంటే కార్బురేటర్ చాంబర్‌లో పెట్రోలు మీద తేలే బుడ్డి. చాంబర్ నిండగానే అది పైకి లేచి సూదిని, అంటే నీడిల్ వాల్వును మూయిస్తుంది. పెట్రోలు పంపు తోస్తున్న పెట్రోలును ఆపాల్సిన ఆ సూది ఆపడం లేదన్నమాట.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఒక్కో చుక్క పడితే అది యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్, అంటే తొక్కినప్పుడు అదనంగా పెట్రోలు చిమ్మే చిన్న పంపులోని పలచటి పొర. దీనికి పెద్ద పరిశోధన అక్కరలేదు. ఇంజను ఆపి ఉంచి, చేత్తో లింకేజీని లాగి వదులుతూ ఆ చిన్న మూత అంచు చూడండి. తడి అప్పటికప్పుడే కనిపిస్తుంది.

బాగా వేడెక్కిన ఇంజనును ఆపిన పది నిమిషాలకు కారితే అది వేడి వల్ల వచ్చే సమస్య. దాని గురించి తర్వాత వివరంగా చెబుతాను.

మలుపుల్లో, ఎత్తుపల్లాల్లో మాత్రమే వాసన వస్తే ఫ్లోట్ చాంబర్‌లో మట్టం ఎక్కువగా ఉంది, లేదా మూత కింది ప్యాకింగ్ పోయింది. సమంగా ఉన్న రోడ్డు మీద అంచును తాకని పెట్రోలు, భాకరాపేట ఘాట్ మలుపుల్లో ఒకవైపు ఒరిగి అంచు దాకా వస్తుంది.

ఇంజను అసలు తిప్పకుండానే, మధ్యాహ్నం ఎండలో నిలబెట్టినప్పుడు కారితే? ఇది చాలామందిని తికమక పెడుతుంది. ఈ కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక, కార్బురేటర్ కంటే దిగువన ఉంటుంది. పంపు తిరగనిదే పెట్రోలు పైకి రాకూడదు కదా! ట్యాంకుకు గాలి ఆడే దారి మూసుకుపోయి ఉంటే ఎండకు లోపల ఆవిరి ఒత్తిడి పెరిగి, పెట్రోలును పైపు గుండా, పంపు వాల్వుల గుండా ముందుకు తోస్తుంది. అలా కారుతున్నప్పుడు ట్యాంకు మూత మెల్లగా తిప్పండి. బుస్సుమని గాలి వచ్చి, కారడం ఆగిపోతే దొంగ దొరికినట్లే. మూతలోని గాలి రంధ్రాన్ని గానీ, ట్యాంకు గాలి పైపును గానీ శుభ్రం చేయండి. కార్బురేటర్‌ను ముట్టుకునే పని లేదు.

ఎక్కడ కారుతోంది?

ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎయిర్ క్లీనర్ తీసేసి, కార్బురేటర్ పై భాగం, పక్కలు, కింద మ్యానిఫోల్డ్‌తో (ఇంజనులోకి పోయే గొట్టంతో) కలిసే చోటు, పెట్రోలు పైపు, పంపు, అన్నిటినీ బ్రష్షుతో కడిగి పొడిగుడ్డతో తుడవండి. మురికి మీద కొత్త తడి కనబడదు. పాత మరకలను కూడా ఒకసారి చూడండి. పెట్రోలు ఎగిరిపోయిన చోట పసుపు, ఎరుపు కలిసిన బంక మరక మిగులుతుంది. ఆ మరక ఏ ఎత్తున మొదలైందో చూడండి, ఎక్కడ ముగిసిందో కాదు. పెట్రోలు కిందికే పోతుంది, కాబట్టి తప్పు మరక పై కొసలో గానీ, దానికి ఇంకా పైన గానీ ఉంటుంది.

ఆరిన తర్వాత ముఖానికి రాసుకునే పౌడరును దూదితో పలచగా అద్దండి. మూత అతుకు, యాక్సిలరేటర్ పంపు మూత, జెట్ (పెట్రోలు కొలతగా పోయే సన్న రంధ్రం) బోల్టులు, పైపు కొస, అన్నిచోట్లా అద్దాలి. ఒక్క కార్బురేటర్ నోట్లో మాత్రం పడకూడదు. అక్కడ శుభ్రమైన గుడ్డ కప్పండి. కొందరు ముగ్గుపిండి చల్లుతారు. అది రాతిపొడి, లోపలికి పోతే థ్రాటిల్ షాఫ్టును (గాలి దారిని తెరిచి మూసే రేకు తిరిగే కడ్డీని) అరగదీస్తుంది, కాబట్టి వద్దు. కార్బురేటర్ కింద తెల్ల కాగితం పరిచి, గుడ్డ తీసేసి, బ్యాటరీ తగిలించి, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు టార్చితో చూడండి. పౌడరు ముందుగా ఎక్కడ నల్లబడి తడుస్తుందో అదే మొదటి చోటు. ఆ తర్వాత తడిసినవన్నీ దాని మీద నుంచి జారినవే. చోటు తెలియగానే ఇంజను ఆపేయండి.

ఇప్పుడు టార్చి వెలుగును కార్బురేటర్ గొంతులోకి వేయండి. ఇంజను ఆపాక కూడా మధ్యలో ఉన్న నాజిల్ నుంచి పెట్రోలు బొట్లుబొట్లుగా జారుతుంటే ఫ్లోట్ చాంబర్ పొంగుతోందని అర్థం. థ్రాటిల్ షాఫ్టు చివర తడి కనబడిందని షాఫ్టు అరిగిందనే నిర్ణయానికి రాకండి. ఇంజను నడిచేటప్పుడు అక్కడ లోపలికి గాలి పీల్చుకుంటుంది, బయటికి ఏదీ రాదు. అక్కడి నుంచి పెట్రోలు బయటికి వస్తోందంటే గొంతులో పెట్రోలు నిలిచి ఉంది. షాఫ్టు నిజంగా అరిగి ఉండవచ్చు, దానికి లేత్ షాపులో బుష్ వేయించుకోవచ్చు. కానీ కారడానికి కారణం అది కాదు. నేను చూసిన వాటిలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరిగాయి.

విప్పకుండా సరిచేయగలిగినవి

ముందు రబ్బరు పైపు. వేళ్లతో వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, గట్టిపడి కట్టెలా ఉన్నా, మెత్తబడి జిగటగా ఉన్నా మార్చేయండి. మన బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది ఇథనాల్ కలిపిన పెట్రోలు. దేశవ్యాప్తంగా పది శాతం మిశ్రమం 2022లో వచ్చింది, 20 శాతం మిశ్రమాన్ని 2023 ఫిబ్రవరిలో ప్రారంభించారు. పాతకాలపు రబ్బరు, కార్కు ప్యాకింగులు దీనికోసం తయారైనవి కావు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని ఎండి పగులుతాయి. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. ట్యాంకులో ఏళ్ల తరబడి అంటుకున్న తుప్పునూ బంకనూ ఊడదీసి తెస్తుంది. అందుకే కొత్త పైపు కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే రకం కావాలని అడిగి తీసుకోండి. పైపు మీద ఆర్9 అన్న గుర్తు ముద్రించి ఉంటే మంచిది. ఇనుప తీగ చుట్టి మెలిపెట్టడం వద్దు. తీగ రబ్బరును కోస్తుంది. స్క్రూ క్లిప్పులే వేయండి.

పైపు కొస దగ్గర బోల్టు, దానికి రెండువైపులా వాషర్లు ఉండే రకమైతే ఆ వాషర్లు ఒకసారి నలిగాక మళ్లీ పట్టవు. ఫైబర్ వాషరైనా రాగి వాషరైనా కొత్తవి వేయడమే మేలు. సోలెక్స్ అనే రకం కార్బురేటర్లలో కొన్నిటికి మెయిన్ జెట్ హోల్డర్ బయటికి కనిపించే బోల్టులా ఉంటుంది. దాని కింద వాషర్ నుంచి కూడా సన్నగా ఊరుతుంది. స్పానర్ సరిగ్గా కూర్చోవాలి, బిగింపు మణికట్టు బలంతోనే సరి. కార్బురేటర్ పోత జింకు మిశ్రమం. దాని మర మీ ఇనుప బోల్టు కంటే చాలా మెత్తన.

పెట్రోలు పంపును మరిచిపోవద్దు. సూది ఆపలేనంత ఒత్తిడితో పంపు తోస్తే ఎంత మంచి సూదైనా ఓడిపోతుంది. ఈ ఇంజన్ల మెకానికల్ పంపు ఇచ్చే ఒత్తిడి చదరపు అంగుళానికి రెండు నుంచి నాలుగు పౌండ్ల లోపే ఉంటుంది. పంపుకూ ఇంజనుకూ మధ్య ఉండే మందపాటి దిమ్మ తీసేసి పలచటి ప్యాకింగ్ వేస్తే పంపు చేయి ఎక్కువగా నొక్కుకుని, లోపలి స్ప్రింగు మరింత బిగిసి, ఒత్తిడి పెరుగుతుంది. పంపు పాడైందని ఎవరైనా కొత్త కారు ఎలక్ట్రిక్ పంపు తగిలించి ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. ఇంజెక్షన్ కార్ల పంపు దీనికి పది రెట్లకు మించి తోస్తుంది.

ఇంజను ఆయిల్ కర్ర తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి, పెట్రోలు వాసన వస్తుంటే పంపు డయాఫ్రమ్ చిరిగి గానీ, కార్బురేటర్ పొంగి సిలిండర్ల గుండా దిగి గానీ పెట్రోలు ఆయిల్‌లో కలిసింది. ఆ ఆయిల్‌తో ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. బేరింగులు పోతాయి. తప్పు సరిచేసి, ఆయిల్ మార్చి, అప్పుడే కారు తీయండి.

మూత తీయడం: ఫ్లోట్, నీడిల్ వాల్వు

ఇది ఈ పనికి గుండెకాయ. తీరిక ఉన్న రోజే పెట్టుకోండి.

మూత విప్పే ముందు ఒక చిన్న పరీక్ష. స్క్రూడ్రైవర్ చెక్క పిడితో ఫ్లోట్ చాంబర్ పక్కన రెండు మూడుసార్లు మెల్లగా తట్టండి. కారడం వెంటనే ఆగితే సూది కింద నలుసు ఇరుక్కుంది, లేదా సూది పట్టేసింది. దారిలో ఇలా జరిగితే తట్టి ఇల్లు చేరవచ్చు. కానీ ఆ నలుసు మళ్లీ వస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేదాకా పని పూర్తి కానట్లే.

మూత స్క్రూలు తీసేముందు ఫోనుతో నాలుగువైపులా ఫొటోలు తీసుకోండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరుసగా పెట్టుకోవడం నాకు బాగా కుదిరింది. పాత ఇడ్లీ ప్లేటును దీనికోసమే కేటాయించాను, వంటింటికి మళ్లీ పోదు. మూతను నేరుగా పైకి లేపండి. అతుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవర్ మొన దూర్చి తిప్పకండి. గీత పడిన చోట ఇక ఎప్పటికీ కారుతుంది. చెక్కతో పక్కనుంచి తట్టితే వదులుతుంది.

లోపల ముందు అడుగు చూడండి. ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు తుప్పు. నల్లటి నలుసులుంటే పాత రబ్బరు పైపు లోపల రాలుతోంది. నీటి బొట్లు ముత్యాల్లా అడుగున దొర్లుతుంటే ట్యాంకులోకి తేమ చేరింది. తెల్లటి పిండిలాంటిది కనబడితే లోహం తినేసుకుంటోంది. ఈ నాలుగు గుర్తులూ నాలుగు వేర్వేరు మరమ్మతులను చెబుతాయి. తుడిచేసే ముందు ఫొటో తీసుకోండి.

ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల ద్రవం కదిలిన చప్పుడు వస్తే దానికి చిల్లు పడింది. బరువెక్కిన ఫ్లోట్ తేలదు, సూదిని మూయదు. చప్పుడు లేకపోయినా ఇత్తడి ఫ్లోట్‌కు ఇంకో పరీక్ష ఉంది. వంటింట్లో నీళ్లు బాగా కాచి, గిన్నెను పెరట్లోకి తెచ్చుకుని, అందులో ఫ్లోట్‌ను ముంచి పట్టుకోండి. లోపలి గాలి వేడికి వ్యాకోచించి చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి. ఫ్లోట్‌ను పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకుపోవద్దు. చిల్లును టంకం వేసి మూయవచ్చని కొందరు అంటారు. లోపల పెట్రోలు ఆవిరి ఉన్న ఇత్తడి డబ్బాకు వేడి తగిలిస్తే అది పేలుతుంది. పేలకపోయినా టంకం బరువుకు మట్టం మారిపోతుంది. కొత్తది వేయండి.

ఇక సూది. దాని మొనను భూతద్దంతో చూడండి. చుట్టూ గుండ్రటి గీత పడి ఉంటే అరిగిపోయినట్లు. సూదినీ అది కూర్చునే సీటునూ ఎప్పుడూ జతగానే మార్చాలి. పాత సీటులో కొత్త సూది కొన్ని వారాలకు మించి పట్టదు. అరగని సూది పట్టు చూడాలంటే మూతను తలకిందులుగా పట్టుకుని, సూదిని వేలితో తేలిగ్గా ఆనించి, పెట్రోలు వచ్చే గొట్టానికి శుభ్రమైన కొత్త రబ్బరు గొట్టం తగిలించి ఊదండి. గాలి పూర్తిగా ఆగాలి. వేలు తీసి మూతను నిలువుగా తిప్పితే ధారాళంగా పోవాలి.

సోలెక్స్‌లో సీటు కింద ఉండే ఫైబర్ వాషర్ చిన్నదే అయినా దాని మందమే పెట్రోలు మట్టాన్ని నిర్ణయిస్తుంది. మందపాటి వాషర్ వేస్తే సీటు కిందికి దిగి, ఫ్లోట్ తొందరగా సూదిని మూస్తుంది, మట్టం తగ్గుతుంది. పలచటిది వేస్తే మట్టం పెరిగి పొంగుతుంది. వాషర్ పారేయకుండా దాని మందం కొలిచి, అదే మందం ఉన్నది తెచ్చుకోండి. వర్క్‌షాపు మాన్యువల్‌లో మీ మోడల్‌కు ఇచ్చిన మట్టం కొలతతో సరిచూసుకోండి. ఫ్లోట్ చేయిని వంచి మట్టం దించే అలవాటు కొందరికి ఉంది. అరిగిన సూదిని దాచిపెట్టడానికే అది పనికొస్తుంది.

అంబాసిడర్‌కు ఎస్‌యూ అనే మరో రకం కార్బురేటర్ ఉంటే కథ కాస్త వేరు. ఫ్లోట్ చాంబర్ పక్కన విడిగా ఉంటుంది, మూతకు పొంగు పైపు ఉంటుంది. ఆ పైపు నుంచి కారితే కార్బురేటర్ పగిలిందని కంగారు పడవద్దు. సూది మూసుకోనప్పుడు పెట్రోలు బయటికి పోవడానికి పెట్టిన దారే అది. నైలాన్ ఫ్లోట్ ఉన్న హెచ్‌ఎస్ రకంలో మూతను తలకిందులు చేసి పట్టుకుంటే ఫ్లోట్‌కూ మూత అంచుకూ మధ్య సందు 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి. చాంబర్ అడుగు నుంచి జెట్‌కు సన్నటి నైలాన్ గొట్టం పోతుంది. అది చాంబర్‌లోకి దూరే చోట ఉన్న చిన్న రబ్బరు సీలు గట్టిపడితే అక్కడ బొట్లు కడతాయి. సీలును ఒకసారి విప్పితే తిరిగి వాడకండి. అంబాసిడర్ ఇంజనులో ఇన్‌లెట్, ఎగ్జాస్టు మ్యానిఫోల్డులు రెండూ ఒకేవైపు ఉంటాయి. అంటే కారిన ప్రతి బొట్టుకూ కింద కాలుతున్న ఇనుము ఎదురుచూస్తోంది. మధ్యలో ఉండాల్సిన రేకును ఎవరైనా తీసేసి ఉంటే ఈ పనిలోనే తిరిగి వేయించండి.

ప్యాకింగులు, డయాఫ్రమ్

పాత ప్యాకింగును గోటితోనో, ప్లాస్టిక్ పలకతోనో గీరి తీయండి. మూత అడుగును మందపాటి గాజుపలక మీద పెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. మధ్యలో కాంతి దూరుతుంటే మూత వంగింది. ఏళ్ల తరబడి స్క్రూలను అతిగా బిగించడం వల్ల వచ్చే వంకర అది. గాజుపలక మీద 400 నంబరు ఎమరీ కాగితం పరిచి, నీళ్లు చల్లి, మూతను ఎనిమిది అంకె రాస్తున్నట్లు మెల్లగా తిప్పండి. అంతటా ఒకే మెరుపు రాగానే ఆపి, బాగా కడిగి, రంధ్రాల్లో గాలి ఊదండి.

ప్యాకింగుకు తోడుగా సిలికాన్ పేస్టు రాయమని ఎవరు చెప్పినా వినకండి. పెట్రోలుకు అది ఉబ్బి, ముక్కలై, జెట్లలో ఇరుక్కుంటుంది. ఒకసారి మా పద్మినికి ఒక షెడ్డులో అలాగే రాసి పంపారు. పది రోజులు పొడిగానే ఉంది. పదకొండో రోజు మదనపల్లె పోతుంటే భాకరాపేట ఘాట్ మధ్యలో ఇంజను ఆగిపోయింది. వెనక లారీలు, ముందు మలుపు, కారులో మా అమ్మ. అక్కడే మెయిన్ జెట్ తీసి చూస్తే అందులో బియ్యపుగింజంత తెల్ల ముక్క ఉంది. ఆ రోజు నుంచి నా కార్బురేటర్ మూత నా చేతులతో తప్ప వేరే చేతులతో తెరుచుకోలేదు.

యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే సన్నటి చిల్లులు తెలుస్తాయి. ముడతలు పడి ఉబ్బినదాన్నీ మార్చాలి. కొత్తది వేసేటప్పుడు స్క్రూలను వదులుగా పెట్టి, పంపు చేయిని చివరిదాకా నొక్కి పట్టుకుని, అప్పుడు ఎదురెదురు స్క్రూలను కొద్దికొద్దిగా బిగించండి. అలా కాకుండా బిగిస్తే డయాఫ్రమ్ లాగుకుపోయి తొందరగా చిరుగుతుంది.

విడిభాగాల కోసం నేను చెన్నై పోతాను. పుదుపేట, జనరల్ ప్యాటర్స్ రోడ్డు దుకాణాల్లో సోలెక్స్, ఎస్‌యూ మరమ్మతు కిట్లు దొరుకుతాయి. పాత సూదినీ వాషర్‌నూ డయాఫ్రమ్‌నూ చిన్న డబ్బాలో వెంట తీసుకుపోండి. పక్కన పెట్టి పోల్చి చూడకుండా కొనవద్దు, ఒకే పేరుతో రెండు మూడు కొలతలు ఉంటాయి.

వేడికి పొంగే పెట్రోలు

చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కి, పైన టీ కోసం ఆపితే పది నిమిషాల్లో వాసన మొదలవుతుంది. సూది బాగుంది, ప్యాకింగ్ కొత్తది, అయినా వస్తుంది. ఇంజను ఆగగానే ఫ్యాను గాలి ఆగిపోతుంది, ఇంజను వేడి పైకెక్కి ఫ్లోట్ చాంబర్‌ను కాస్తుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. ఇథనాల్ 78 డిగ్రీలకు మరుగుతుంది. లోపల మరిగిన పెట్రోలు నాజిల్ గుండా గొంతులోకి పొంగి, షాఫ్టు పక్కనుంచి బయటికి వస్తుంది.

దీనికి మందు కార్బురేటర్ కింద ఉంది. మ్యానిఫోల్డుకూ దానికీ మధ్య బేకలైట్ దిమ్మ ఉండాలి. పగిలి ఉన్నా, దాని బదులు పలచటి కాగితపు ప్యాకింగ్ వేసి ఉన్నా సరైన దిమ్మ తెచ్చి వేయండి. పెట్రోలు పైపు ఎగ్జాస్టుకు దగ్గరగా పోతుంటే దూరం జరపండి. ఘాట్ ఎక్కి ఆపినప్పుడు బానెట్ పైకెత్తండి. మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు చోక్ ముట్టుకోకండి. యాక్సిలరేటర్‌ను మెల్లగా పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. పదేపదే తొక్కి వదిలితే ప్రతి తొక్కుడుకూ మరింత పెట్రోలు పోస్తున్నట్లే.

పంపు మీద తడిగుడ్డ వేయడం మన డ్రైవర్ల పాత ఉపాయం. అది పంపులో పెట్రోలు ఆవిరైపోయి పైకి రానప్పుడు పనిచేస్తుంది, పొంగుతున్నప్పుడు కాదు. గొంతులోకి చూస్తే తేడా తెలుస్తుంది: పొడిగా ఉంటే మొదటిది, తడిగా మెరుస్తుంటే రెండోది.

తిరిగి బిగించాక

అన్నీ బిగించి, ట్యాంకుకూ పంపుకూ మధ్య కొత్త ఫిల్టరు వేయండి. గాజు లేదా పారదర్శక ప్లాస్టిక్ ఫిల్టరైతే లోపలి తుప్పు కంటికి కనిపిస్తుంది. ఎగ్జాస్టుకు దూరంగా బిగించండి. ఎయిర్ క్లీనర్ పెట్టకముందే బ్యాటరీ తగిలించి, ఇంజనును పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, మళ్లీ పౌడరు, మళ్లీ తెల్ల కాగితం. పొడిగా ఉంటే ఎయిర్ క్లీనర్ పెట్టి చంద్రగిరి దాకా పోయి రండి. వచ్చి ఆపిన పది నిమిషాలకు బానెట్ ఎత్తి చూడండి, మరుసటి రోజు పొద్దున ఇంకోసారి చూడండి. నెల రోజుల్లో ఫిల్టరులో ఎర్రటి పొడి పేరుకుంటే ట్యాంకు దించి కడిగించాల్సిందే, లేకపోతే ఆ పొడి ఫిల్టరును దాటి మళ్లీ సూది కిందికే చేరుతుంది.

కారును వారాల తరబడి నిలబెట్టే పని ఉంటే చాంబర్‌లోని పెట్రోలు తీసేయండి. లేదంటే పది రోజులకొకసారి ఇంజను పూర్తిగా వేడెక్కేదాకా నడపండి. డబ్బాలో ఒక జత సూదీ సీటూ, నాలుగు ఫైబర్ వాషర్లు, ఒక డయాఫ్రమ్, అడుగున్నర పైపు, రెండు క్లిప్పులు పెట్టుకుని డిక్కీలో ఉంచండి.